ముందునడక కుర్చీ

మంగతాయారుకి ఆస్పత్రి అంటే భయం. అలాంటిలాంటి భయం కాదు. ఆస్పత్రి ముందు నుంచి ఆటో వెళ్తే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అటు తిరిగి కూర్చునేది. రక్తపరీక్షకి చెయ్యి చాపమంటే రెండు చేతులూ కొంగులో దాచేసేది. కాకినాడలో వాళ్ళ పేటలో పాలవాడి దగ్గర్నుంచి కార్పొరేటరు దాకా అందరికీ ఆవిడంటే హడలు. ఆవిడకి మాత్రం సూదంటే హడలు.

అలాంటి మనిషికి గుండెలో ఒక కవాటం బిగుసుకుపోతోందని తేలింది. మేడమీదికి సగం మెట్లు ఎక్కేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయేది. డాక్టర్ నఫీసా నిదానంగా, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. "తుప్పుపట్టిన తలుపులా ఉందమ్మా. సగమే తెరుచుకుంటోంది. కొత్తది పెట్టేస్తే మునుపట్లా తిరుగుతారు. పెట్టకపోతే ఒకరోజు అసలు తెరుచుకోదు." మంగతాయారు అన్నిటికీ బుద్ధిగా తలూపింది. మొదటిసారి ఆపరేషనుకి తేదీ ఇస్తే ముందురోజు జ్వరం తెచ్చుకుంది. రెండోసారి ఆస్పత్రి దాకా వచ్చి, గాజులు తీసెయ్యమన్న నర్సుతో పేచీ పెట్టుకుని, వచ్చిన ఆటోలోనే తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇలాంటి అత్తగారున్న కోడలు చేసే ఉద్యోగం ఏమిటో తెలిస్తే ఎవరైనా నవ్వుతారు. హైమ రోగుల భయం పోగొట్టే యంత్రం తయారుచేస్తోంది. ఊరి చివరనున్న పరిశోధన కేంద్రంలో కొన్నేళ్ళుగా అదే పని. దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి ఉంది గానీ, ల్యాబ్‌లో అందరూ ముందునడక అనే అంటారు. చూడ్డానికి పళ్ళ డాక్టరు దగ్గరుండే కుర్చీలా ఉంటుంది. అందులో పడుకున్న మనిషికి తలచుట్టూ వైర్ల టోపీ పెట్టి అరనిద్ర పట్టిస్తారు. ఆ అరనిద్రలో, రేపు జరగాల్సిన ఆపరేషను ఇవాళే జరిగిపోతుంది. స్ట్రెచరు చక్రాల చప్పుడు, థియేటరు చల్లదనం, ముక్కు మీద మాస్కు, ఆ తర్వాత మెలకువ, "అయిపోయిందమ్మా" అన్న మాట, అన్నీ ఒంటికి తెలుస్తాయి. కత్తీ, దాని నొప్పీ మాత్రం ఉండవు. ఒకసారి నడిచి వచ్చిన దారిలో రెండోసారి నడవమంటే ఒళ్ళు బెదరదు కదా, అదీ హైమ ఆలోచన.

"ఊళ్ళోవాళ్ళ భయాలకి మందు కడుతున్నావు, బాగానే ఉంది. ఇంట్లో మీ అత్త సంగతేంటే?" అని కనిపించినప్పుడల్లా దెప్పేది కనకరత్నం. ఆవిడ మంగతాయారు ఆడపడుచు. పక్కవీధిలోనే కాపురం, రోజుకో పూట ఇక్కడే భోజనం.

అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న వలంటీర్లనే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. నిజమైన రోగిని కూర్చోబెట్టడానికి అనుమతి వచ్చిన రోజు సాయంత్రం, అత్తయ్య బెండకాయలు తరుగుతూ తనంతట తానే అడిగింది.

"ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టమ్మాయ్."

"మీకు కుర్చీ అన్నా భయమేగా అత్తయ్యా!"

"కుర్చీలో సూది ఉండదన్నావుగా. అయినా అక్కడుండేది నువ్వు కదా. నువ్వుంటే పర్లేదు."

హైమ పక్కన కూర్చుని తనూ ఒక బెండకాయ అందుకుంది. పెళ్ళయ్యాక పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, పుస్తకం మీంచి తలెత్తకుండా ఉంటే అన్నం కలిపి నోట్లో ముద్దలు పెట్టిన మనిషి ఈవిడ. ఈవిడ కోసం చెయ్యకపోతే ఆ యంత్రం ఎవరి కోసమట!

ముందునడకకి కూడా నిజం ఆపరేషనుకి తయారైనట్టే తయారవ్వాలి. రాత్రి నుంచి పచ్చిమంచినీళ్ళు ముట్టకూడదు. ఆస్పత్రివాళ్ళిచ్చిన ఎర్రమందుతో ఒళ్ళు రుద్దుకుని స్నానం చెయ్యాలి. ఒంటిమీద వీసమెత్తు లోహం ఉండకూడదు. ల్యాబ్‌లో సింకు దగ్గర హైమే సబ్బు నురుగు రాసి అత్తయ్య గాజులు ఒక్కొక్కటే తీసింది. ఆవిడ కిక్కురుమనలేదు. కుర్చీలో పడుకున్నాక మాత్రం, "అద్దం వెనకాల నువ్వే ఉంటావుగా?" అని రెండుసార్లు అడిగింది.

కుర్చీ గదికీ మిషను గదికీ మధ్యనున్న అద్దం వెనక నుంచి హైమ తెర మీద గుండె గీతని చూస్తూ కూర్చుంది. అత్తయ్య గుండె మొదట్లో తరుముకొస్తున్నట్టు పరిగెత్తింది. థియేటరు తలుపు దగ్గరికొచ్చేసరికి మరీ ఎక్కువైంది. తర్వాత మెల్లగా, వాన వెలిసినట్టు, నెమ్మదించింది. కళ్ళు తెరిచి, "అయిపోయిందా?" అంది ఆవిడ. "అయిపోయిందత్తయ్యా," అంది హైమ, యంత్రం పద్ధతి ప్రకారం అనాల్సిన మాటే అది. అత్తయ్య ముఖంలో అంత తెరిపి ఆమె ఏనాడూ చూడలేదు. అసలు ఆపరేషను ఎల్లుండే. ఈ నెమ్మది చల్లారకముందే పని పూర్తయిపోవాలని అలా ఏర్పాటు చేశారు.

ఆటో దిగేసరికి గేటు దగ్గర కనకరత్నం ఎర్రనీళ్ళ పళ్ళెంతో సిద్ధంగా ఉంది.

"ఆగాగు వదినా, అక్కడే ఆగు. గుమ్మం తొక్కకు. ఒసేయ్ హైమా, ఈ పళ్ళెం పట్టుకో, ఉప్పూ మిరపకాయలూ తెస్తాను."

హైమకి ఏదో అనాలనిపించింది. ఇది ఉత్త రిహార్సలే పెద్దత్తయ్యా, ఇంకా ఏమీ అవ్వలేదు అని. కానీ ల్యాబ్‌లో పదిమందికి పనులు పురమాయించే మనిషి, ఇంటి గుమ్మంలో పెద్దావిడ పళ్ళెం పట్టుకోమంటే పట్టుకుని నిలబడింది. కనకరత్నం మూడుసార్లు దిగదుడిచి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఆస్పత్రి దిష్టి" అంటూ నిప్పుల్లో వేసింది. మిరపకాయల ఘాటు రాలేదని మురిసిపోయింది. తలంటు పోసింది, ఉతికిన చీర కట్టబెట్టింది. పథ్యం వంట తనే చేసింది, బీరకాయ కూర, వాము చారు. వంకాయా గోంగూరా గుమ్మడికాయా ఈ గుమ్మంలోకి రావడానికి వీల్లేదని హుకుం జారీచేసింది. సాయంత్రానికి పేటంతా బత్తాయిలూ హార్లిక్సు సీసాలూ పట్టుకుని పరామర్శకి వచ్చేసింది. అత్తయ్య మంచం మీద దిండుకి ఆనుకుని, "ఎంత చల్లగా ఉందనుకున్నావ్ ఆ గది!" అని వచ్చినవాళ్ళందరికీ మొదట్నుంచీ చెప్పింది. హైమ కాఫీలు అందించింది. సంబరంగానే ఉందామెకి కూడా.

మర్నాడు ఆస్పత్రికి సంచీ సర్దుతుంటే అత్తయ్య వచ్చి చూసింది.

"ఎక్కడికే?"

"రేపు ఆపరేషను కదండీ."

"అయిపోయిందిగా!"

హాస్యమాడుతోందనుకుని హైమ నవ్వింది. అత్తయ్యా నవ్వింది. తర్వాత ఆవిడ నవ్వు ఆగింది. తనకే అర్థం కానట్టు మంచం మీద కూర్చుంది.

"నిజంది కాలేదని నాకు తెలుసే. నాకేం మతిపోలేదు. కానీ ఒంటికి అయిపోయినట్టుంది. కడుపునిండా తిని చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ విస్తరి ముందు కూర్చోమంటే ఎలా ఉంటుంది? అలా ఉంది. వద్దనటంలేదు, చూద్దాంలే."

ఆ చూద్దాంలే అన్న మాట దగ్గరే బండి ఆగిపోయింది. భయపడే మనిషినైతే బతిమాలొచ్చు, బుజ్జగించొచ్చు, కోప్పడొచ్చు. ఈవిడ హాయిగా నవ్వుతూ వాయిదా వేస్తోంది. హైమ భర్త కిరీటి, పోర్టులో పెద్దపెద్ద ఓడల వాళ్ళతో బేరాలాడే మనిషి, తల్లి ముందు ఓడిపోయాడు. "మనసొప్పని మనిషిని నేను బల్ల ఎక్కించలేను," అంది డాక్టర్ నఫీసా.

గుండె బాగైపోయిందన్న ధీమా ఒళ్ళంతా నిండిపోయిందేమో, ఆ తర్వాతి వారం అత్తయ్య ఊరమిరపకాయల పళ్ళేలు పట్టుకుని మేడెక్కింది. ఇదివరకు మెట్లంటేనే జంకేది, మధ్యలో రెండుసార్లు కూర్చునేది. ఇప్పుడు ఆ జంకు లేదు. పైమెట్టు మీద కళ్ళు తిరిగి పడిపోయింది. కిరీటి చేతుల్లో ఎత్తుకుని కిందికి తెచ్చాడు. తెలివి రాగానే ఆవిడ అన్న మాట ఇది.

"ఏం లేదురా. ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు నీరసం మామూలేనట."

పరీక్షలు చేసి, డాక్టర్ నఫీసా హైమని పక్కకి పిలిచింది. "ఈ నెల దాటితే ఆపరేషను చేసినా ఉపయోగం ఉంటుందో లేదో చెప్పలేను. మీ కుర్చీ ఏం చేసిందో మీరే చూసుకోండి."

హైమ చూసింది. కుర్చీ దిగాక కూడా అత్తయ్య చేతికి ఒక పట్టీ ఉంచారు, ఇంట్లో గుండె ఎలా కొట్టుకున్నదీ అందులో నమోదవుతుంది. కుర్చీ దిగినప్పుడు నెమ్మదించిన గీత దారిపొడుగునా ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది. సరిగ్గా దిష్టి తీస్తున్న వేళకి ఆ వణుకు పూర్తిగా పోయింది. ఇక రాలేదు. వలంటీర్లు కుర్చీ దిగి క్యాంటీన్‌లో టీ తాగి ఎవరి ఆఫీసులకి వాళ్ళు పోయారు. వాళ్ళకెవరూ దిష్టి తీయలేదు, తలంటు పోయలేదు, బత్తాయిలు తేలేదు. ఆపరేషనయ్యాక చేసేవన్నీ చేసి ఒంటికి అయిపోయిందనిపించింది తన ఇంటివాళ్ళే; ఆ సంగతి తనకి ముందే తట్టలేదు, పైగా పళ్ళెం పట్టుకుంది. హైమ ఆ తెర ముందే తల బల్లకానించి ఏడ్చింది.

"వెనక్కి తిప్పొచ్చు," అని కిరీటితో చెప్పింది. "మళ్ళీ అదే దారిలో తీసుకెళ్ళి థియేటరు తలుపు దగ్గర ఆపేస్తే, అయిపోయిందన్న నమ్మకం పోతుంది."

"భయం తిరిగొచ్చేస్తుంది కదా?"

"వస్తుంది."

"వస్తే మళ్ళీ పారిపోతుంది హైమా. రెండుసార్లు చూశాంగా."

"రాకపోతే అసలు కదలదు."

 భయముంటే ఆవిడ ఆపరేషనుకి రాదు, భయం లేకపోతే ఆవిడకి ఆపరేషనే అక్కర్లేదు. హైమ ఎన్ని లెక్కలు వేసినా మూడో దారి దొరకలేదు. అడక్కుండా కుర్చీ ఎక్కించే ఉద్దేశం మాత్రం ఆమెకి లేదు.

ఈలోగా మావయ్య తిథి వచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కడుపులో పుండుకి ఆపరేషనని తీసుకెళ్తే బల్ల మీదే పోయాడాయన. ఏటా ఆ రోజు అత్తయ్య ఫోటో ముందు విస్తరి వడ్డించి, కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి ఏడ్చేది. ఆ సంవత్సరం గారెలు వడ్డించింది, దీపం పెట్టింది, చేతులు కట్టుకుని నిలబడింది. కనకరత్నం ముక్కు చీదుకుంటూ వంటింట్లోకి వెళ్ళాక, హైమని పిలిచి మెల్లగా అంది.

"ఏడుపు రావట్లేదే అమ్మాయ్."

హైమ పక్కన కూర్చుంది.

"నీకెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు మీ మావయ్యని లోపలికి తీసుకెళ్తుంటే నా వేలు పట్టుకుని, భయంగా ఉంది మంగా అన్నారు. నేనేమన్నానో తెలుసా? మగాళ్ళయ్యుండి భయమేంటండీ, ఊరుకోండి, ఎవరైనా వింటే నవ్వుతారు అన్నాను. ఆయన సర్లే అని నవ్వి వేలు వదిలేశారు. అంతే. అప్పట్నుంచి ఆస్పత్రి వాసనొస్తే చాలు, ఆ వేలు పట్టుకున్నట్టే ఉండేది నాకు. సూదికి కాదే నేను భయపడేది." ఆవిడ తన చూపుడువేలుని రెండో చేత్తో పట్టుకుని చూసుకుంది. "ఇప్పుడు తలుచుకుంటే ఎవరికో జరిగినట్టుంది. పేపర్లో చదివినట్టుంది. నువ్వు నా భయం ఒక్కటే తీశావనుకున్నావు. ఆయన్ని కూడా తీసుకుపోయావే."

అందులో నిష్ఠూరం లేదు. అందుకే హైమకి మరీ కష్టంగా అనిపించింది. అత్తయ్య చేతులు రెండూ పట్టుకుని ఉన్నదంతా చెప్పేసింది, కుర్చీ సంగతీ, దిష్టి సంగతీ, డాక్టరు పెట్టిన గడువు సంగతీ.

"తిరిగిచ్చేయొచ్చా?" అంది అత్తయ్య.

"ఇవ్వొచ్చు. కానీ భయం కూడా తిరిగొస్తుంది. అప్పుడు మీరు ఆపరేషనుకి రాలేకపోతే..."

"రాలేనేమో. ఆ పాట్లు నేను పడతాను. నాది నాకిచ్చెయ్యి."

ఈసారి హైమ అద్దం వెనక కూర్చోలేదు. మిషను దగ్గర వేరేవాళ్ళని కూర్చోబెట్టి, తను కుర్చీ పక్కన స్టూలు వేసుకుని అత్తయ్య చెయ్యి పట్టుకుంది. మళ్ళీ అదే దారి, అవే చక్రాలు, అదే చల్లదనం. తలుపు దగ్గర హైమ తలూపింది, యంత్రం ఆగింది. అత్తయ్య చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది. "ఏవండీ" అని ఒక్క కేక పెట్టి లేచి కూర్చుని, వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూస్తూ హైమ కూడా ఏడ్చింది. చాలాసేపటికి తేరుకుని, అత్తయ్య ముక్కు మూసుకుంది.

"ఇక్కడంతా ఆస్పత్రి కంపు కొడుతోందే! పద పద, ఇంటికి పోదాం. వాంతొచ్చేలా ఉంది."

హైమకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

డాక్టరు మళ్ళీ ఇచ్చిన తేదీ వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. అత్తయ్య రానూ అనలేదు, వస్తాననీ అనలేదు. ముందురోజు ఎర్రమందు సీసా తీసుకుని తనే బాత్రూములోకి వెళ్ళింది. రాత్రి మంచినీళ్ళ చెంబు వైపు చూసి మొహం తిప్పేసుకుంది. తెల్లారి కనకరత్నం, "వదినా, ఈసారి నిజమేనా?" అని అడిగితే, "నోరు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టు," అంది. ఆటోలో దారంతా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే ఉంది గానీ, ఆటో దిగింది. గాజులు తియ్యమంటే నర్సుతో మళ్ళీ పేచీ పెట్టుకుంది. పేచీ పెట్టుకుంటూనే చెయ్యి చాపింది.

స్ట్రెచరు మీద పడుకోబెట్టి నడవా వెంట తోసుకెళ్తుంటే హైమ పక్కనే నడిచింది. థియేటరు తలుపు దగ్గర వార్డుబాయి ఆగి, ఇక్కడిదాకానేనండీ అన్నాడు. అత్తయ్య పెదాలు పాలిపోయి ఉన్నాయి. దిగిపోవాలన్నట్టు ఒక కాలు దుప్పటిలోంచి బయటికొచ్చింది కూడా. ఆవిడ హైమ వేలు పట్టుకుంది.

"భయంగా ఉందమ్మాయ్."

ఏం ఫరవాలేదత్తయ్యా, ఏమీ కాదు అన్న మాట హైమ నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పే యంత్రాన్నే తయారుచేసింది మరి. ఆమె దాన్ని మింగేసింది.

"నాకూ భయంగా ఉందత్తయ్యా. చాలా భయంగా ఉంది."

"నీకెందుకే?"

"మీరు నాక్కావాలి."

అత్తయ్య కోడలి మొహంలోకి కాసేపు అలా చూసింది. ఆ మొహంలో దాపరికం ఏమీ లేదు, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. ఆవిడ కాలు మళ్ళీ దుప్పటిలోకి లాక్కుంది.

"సరే అయితే. నువ్విక్కడ భయపడు, నేను లోపల భయపడతాను," అని వేలు వదిలి, వార్డుబాయి వైపు తిరిగి, "ఇంకా చూస్తావేంటయ్యా, తొయ్యి," అంది.

తలుపులు మూసుకున్నాయి. బయట కిరీటి అటూ ఇటూ తిరిగాడు. కనకరత్నం కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ కూర్చుంది. హైమ కుర్చీలో ముడుచుకుని కూర్చుని తలుపు వైపే చూసింది. లోపలున్నవాళ్ళ కోసం ఇంత శ్రమపడింది గానీ, బయట కూర్చోవడం ఇలా ఉంటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు. ఎండ కిటికీలోంచి నేలమీదికి జారి, గోడెక్కి, వెళ్ళిపోయింది. అప్పుడొచ్చింది డాక్టర్ నఫీసా, టోపీ తీసి చేత్తో పట్టుకుని. "తలుపు బాగా తెరుచుకుంటోంది," అంది. కిరీటి అక్కడే నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు ఒక్కరినే లోపలికి రానిస్తామంటే హైమ వెళ్ళింది. ఒంటినిండా గొట్టాలు, గొంతు బొంగురు. అత్తయ్య కళ్ళు తెరిచి కోడలిని గుర్తుపట్టింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందత్తయ్యా."

ఆవిడ కళ్ళల్లో అనుమానం కదిలింది. ఈ మాట ఈ నోటితోనే ఒకసారి విని ఉంది మరి.

"నిజందేనా?"

హైమ జవాబు చెప్పబోయింది. ఈలోగా నర్సు ఒక దిండు తెచ్చి అత్తయ్య గుండెల మీద పెట్టి, "దీన్ని గట్టిగా హత్తుకుని ఒక్కసారి దగ్గండమ్మా, కఫం తెగాలి," అంది. అత్తయ్య దిండుని రెండు చేతులా పొదివి పట్టుకుని దగ్గింది. దగ్గిందో లేదో, "అబ్బా!" అని కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసిన కళ్ళ చివర్లలోంచి నీళ్ళు చెంపల మీదికి కారాయి.

తర్వాత కళ్ళు తెరిచి, పండగొచ్చినట్టు నవ్వింది.

"నొప్పెడుతోందే అమ్మాయ్!"